కంపించే డాన్స్ ఫ్లోర్

సంగీతంలోని మంద్ర ధ్వనులను కంపనాలుగా మార్చి, పైన నిలబడ్డవారి పాదాలకు అందించే వేదికను కంపించే డాన్స్ ఫ్లోర్ అంటారు. పలకలుగా తయారై, అవసరమైన చోట పక్కపక్కన పేర్చి, కార్యక్రమం ముగిశాక విప్పి లారీలో వేసుకుపోగల రకం మాడ్యులర్ ఫ్లోర్. నైట్‌క్లబ్బుల్లో, బధిరుల సంగీతోత్సవాల్లో, ప్రత్యేక పాఠశాలల్లో ఈ తరహా వేదికలు కనిపిస్తాయి. పెద్ద స్పీకరు పక్కన నిలబడితే నేల అదరడం అందరూ ఎరిగినదే. అక్కడ స్పీకరు గాలిని కదిలిస్తే, ఆ గాలి నేలను కదిలిస్తుంది. ఇక్కడ ఆ మధ్యవర్తిత్వం లేదు. విద్యుత్ సంకేతమే పలకను నేరుగా కదుపుతుంది కనుక, హాల్లో శబ్దం దాదాపు లేకుండా కూడా ఈ ఫ్లోర్‌ను నడపవచ్చు.

బధిరులకు సంగీతం వినిపించే నేల అని పత్రికలు దీన్ని వర్ణిస్తుంటాయి. ఆ వర్ణనలో సగమే నిజం. ఈ వేదిక అందించేది సంగీతంలో ఒక భాగాన్ని మాత్రమే. అది ఏ భాగమో తెలియాలంటే ముందు అరికాలి సంగతి చూడాలి.

పాదానికి తెలిసేది, తెలియనిది

మనిషి చెవి సుమారు 20 నుంచి 20,000 హెర్ట్జ్ వరకు గల పౌనఃపున్యాలను గ్రహిస్తుంది. చర్మం పరిధి దాదాపు 1,000 హెర్ట్జ్ దగ్గరే ఆగిపోతుంది. చర్మం లోపలి పొరల్లో ఉండే పసీనియన్ కణికలు 250 హెర్ట్జ్ ప్రాంతంలో అత్యంత చురుగ్గా ఉంటాయి. వీటికి ఇటలీ శరీర నిర్మాణ శాస్త్రవేత్త ఫిలిప్పో పసీని పేరు పెట్టారు. 50 హెర్ట్జ్ లోపు నెమ్మది కదలికల పని ఎక్కువగా పై పొరల్లోని మైస్నర్ కణికలది. అరికాలిలో ఈ రెండు రకాలూ ఉన్నాయి. అయితే వేలికొనతో పోలిస్తే అరికాలు మొద్దు. మడమ దగ్గర చర్మం మందం కూడా ఎక్కువ.

దీన్నిబట్టి డ్రమ్ము దెబ్బ, బాస్ గిటార్ నడక, మృదంగం ఎడమ వైపు మూత నాదం పాదానికి చక్కగా చేరతాయి. వేణువు మీది పై స్థాయి స్వరాలు, తాళాల గణగణ, పాటలోని అక్షరాలు చేరవు. స్థాయి భేదం విషయంలో చర్మం మరీ బలహీనం. షడ్జమం నుంచి శుద్ధ రిషభానికి పౌనఃపున్యం పెరిగేది సుమారు 6 శాతం. చెవికి అది పెద్ద తేడా. చర్మం విషయానికొస్తే తేడా పదుల శాతాల్లో ఉంటే గానీ రెండు కంపనాలను వేరుగా పోల్చుకోవడం సులువు కాదు. కనుక ఈ ఫ్లోర్ మీద రాగం తెలియదు, తాళం తెలుస్తుంది. కాలం విషయంలో మాత్రం చర్మం నమ్మదగినదే. దెబ్బకూ దెబ్బకూ మధ్య ఎడం, జోరు పెరగడం, ఉన్నట్టుండి ఆగిపోవడం దానికి స్పష్టంగా అందుతాయి.

మెదడు వైపు నుంచి చూస్తే కథ మరింత ఆసక్తికరం. 1998లో ఫిన్లాండ్ పరిశోధకులు పుట్టుకతో బధిరుడైన ఒక వృద్ధుడి అరచేతికి కంపనాలు తగిలించి, అతని మెదడులో ధ్వనిని గ్రహించే శ్రవణ వల్కలం స్పందించడాన్ని నమోదు చేశారు. 2001లో అమెరికాలోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయానికి చెందిన డీన్ షిబాటా ఎంఆర్‌ఐ స్కాన్ల సాయంతో బధిర విద్యార్థుల్లో ఇదే తరహా ఫలితాన్ని ప్రకటించారు. చెవి నుంచి పని రాకపోతే ఆ భాగం ఖాళీగా ఉండిపోదు, స్పర్శ పనిలో పాలు పంచుకుంటుంది. అంతమాత్రాన బధిరులు కంపనాన్ని మనం విన్నట్టే వింటారని చెప్పడం తొందరపాటు. ఆ భాగం చురుగ్గా ఉందని స్కాన్ చూపుతుందే తప్ప, వారి అనుభవం ఎలా ఉందో చూపదు.

పలక లోపల

ఫ్లోర్‌కు గుండెకాయ ట్రాన్స్‌డ్యూసర్. మామూలు స్పీకరులో ఉన్నట్టే ఇందులోనూ అయస్కాంతం, తీగచుట్ట ఉంటాయి. గాలిని తోసే కాగితపు శంకువు ఉండదు. దాని బదులు స్ప్రింగు మీద నిలిచిన బరువైన ముద్ద ఒకటి కిందికీ పైకీ ఊగుతుంది. చాలా నమూనాల్లో అయస్కాంతమే ఆ ముద్ద. అది ఒక వైపు కదిలితే, దాని ప్రతిచర్య బోల్టులతో బిగించిన పలకను రెండో వైపు నెడుతుంది. బాస్ షేకర్ అన్న పేరుతో హోమ్ థియేటర్ సోఫాల కింద అమర్చేది కూడా ఇదే సాధనం. ఇవి ఎక్కువగా 200 హెర్ట్జ్ లోపు సంకేతాలకు తయారవుతాయి.

ఒక పలకలో పైన గట్టి ప్లైవుడ్, దాని అడుగున ట్రాన్స్‌డ్యూసర్, నేలకూ పలకకూ మధ్య రబ్బరు దిమ్మలు ఉంటాయి. అసలు నేర్పు ఈ రబ్బరు ఎంపికలోనే ఉంది. మరీ గట్టిదైతే శక్తి అంతా కింది కాంక్రీటులోకి పోతుంది. మరీ మెత్తదైతే పలక ఊయలలా ఊగి, నాట్యం చేసేవారి చీలమండ మడతపడే ప్రమాదం ఉంది. మనుషులు ఎక్కేకొద్దీ పలక మోసే బరువు పెరుగుతుంది కనుక దాని సహజ పౌనఃపున్యం మారుతుంది. ఖాళీ హాల్లో బాగా సరిచేసిన ఫ్లోర్ జనం నిండాక మూగబోవడానికి ఇదొక కారణం. అందుకే మనుషులను నిలబెట్టి సరిచేయాలి. పలకల మధ్య సన్నని సందు వదలడం కూడా ముఖ్యం. అన్నింటినీ కలిపి బిగిస్తే మొత్తం ఒకే దిమ్మెలా కదులుతుంది. విడిగా ఉంటే ఒక్కో పలకకు ఒక్కో సంకేతం పంపవచ్చు.

మాడ్యులర్ పద్ధతికి ఉన్న నిజమైన బలం ఇదే. రవాణా సౌకర్యం దాని తర్వాతి మాట. సంగీతాన్ని యథాతథంగా అన్ని పలకలకూ పంపితే, తిరుగుతున్న పిండిమర పక్కన నిలబడ్డట్టు అరికాళ్లలో ఒకటే జుమ్మంటుంది. పైకి ఘనంగా ఉన్నా పదినిమిషాల్లో కాలు మొద్దుబారుతుంది. డ్రమ్మును ఒక వరుసకు, బాస్‌ను మరో వరుసకు, గాత్రపు ఎత్తుపల్లాలను తగ్గు స్థాయికి దించి ఇంకో వరుసకు పంపితే అదే పాట పోల్చుకోదగినదవుతుంది. టొరాంటోలోని అప్పటి రైర్సన్ విశ్వవిద్యాలయంలో ఎమోటీ-చెయిర్ అనే కుర్చీని ఈ సూత్రం మీదే రూపొందించారు. లోపలి చెవిలోని కర్ణావర్తం ధ్వనిని పౌనఃపున్యాల వారీగా విడదీసినట్టే, ఆ కుర్చీ సంగీతాన్ని పాయలుగా విడదీసి వీపు మీద వేర్వేరు చోట్ల అందిస్తుంది. శ్రీలంకకు చెందిన సురంగ నానాయక్కార సింగపూర్‌లో తయారుచేసిన హాప్టిక్ చెయిర్ దారి వేరు. సంగీతాన్ని విడదీయకుండానే కంపనంగా మార్చే ఆ కుర్చీని శ్రీలంకలో బధిర పిల్లల మీద పరీక్షించారు. 2009లో ఆ పని పరిశోధన పత్రంగా వెలువడింది.

మరో చిక్కు సమయపాలన. గాలిలో ధ్వని వేగం సెకనుకు సుమారు 343 మీటర్లు. స్పీకరుకు పది మీటర్ల దూరంలో ఉన్న మనిషి చెవికి డ్రమ్ము దెబ్బ చేరేసరికి సుమారు 29 మిల్లీసెకన్లు పడుతుంది. తీగ మీదుగా వచ్చిన సంకేతం అతని కాలిని అప్పటికే తాకి ఉంటుంది. ఎంతో కొంత వినికిడి ఉన్నవారికి ఈ ఎడం రెండు దెబ్బలు పడిన భ్రమ కలిగించవచ్చు. దూరంగా ఉన్న పలకల సంకేతాన్ని ఆ మేరకు ఆలస్యం చేసి దీన్ని సరిదిద్దుతారు.

నేల కదలడం మామూలుగా ఇంజనీర్లకు శుభవార్త కాదు. 2011 జులైలో దక్షిణ కొరియా రాజధాని సియోల్‌లో 39 అంతస్తుల టెక్నోమార్ట్ భవనం ఊగి, వందల మంది బయటికి పరుగులు తీశారు. పన్నెండో అంతస్తు జిమ్‌లో 17 మంది లయబద్ధంగా చేసిన వ్యాయామమే అందుకు కారణమని నిపుణులు తేల్చారు. జనం ఎగిరే వేగం సెకనుకు రెండు మూడు సార్లు. ఫ్లోర్ కంపనం అంతకు ఎన్నో రెట్లు వేగం కనుక అది భవనాన్ని ఊపదు. ఊపితే గీపితే ఊపేది పైన ఆడేవాళ్లే. సీట్లు బిగించని సభాస్థలాలకు చదరపు మీటరుకు 5 కిలోన్యూటన్ల భారం లెక్కగట్టాలని మన దేశ ప్రమాణం ఐఎస్ 875 రెండో భాగం చెబుతుంది. పలకల బరువు దీనికి అదనం.

వచ్చిన దారి

స్పర్శతో సంగీతాన్ని అందుకోవడం కొత్త ఆలోచన కాదు. చూపు, వినికిడి రెండూ లేని హెలెన్ కెల్లర్ 1924 ఫిబ్రవరిలో రేడియో ప్రసారమైన బీథోవెన్ తొమ్మిదో సింఫనీని రిసీవరు పలుచని పొర మీద వేళ్లు ఆనించి ఆస్వాదించారు. ఆ సంగతిని న్యూయార్క్ సింఫనీ ఆర్కెస్ట్రాకు ఉత్తరంలో రాశారు. 1974లో వచ్చిన ‘ఎర్త్‌క్వేక్’ సినిమాకు యూనివర్సల్ సంస్థ సెన్సరౌండ్ పేరుతో భారీ స్పీకర్లు పెట్టి ప్రేక్షకుల ఒళ్లు అదరగొట్టింది. అది గాలి మార్గమే.

డెన్మార్క్‌లో మనస్తత్వవేత్త లిల్లీ నీల్సన్ చేసిన ఏర్పాటులో కరెంటే లేదు. అంధత్వంతో పాటు ఇతర వైకల్యాలూ ఉన్న పిల్లల కోసం ఆమె రెజొనెన్స్ బోర్డును రూపొందించారు. పలుచని ప్లైవుడ్ పలకకు అంచుల వెంట కర్ర పట్టీ బిగించి నేల మీద పరిస్తే అడుగున గాలి గది ఏర్పడుతుంది. పైన పడుకున్న బిడ్డ కాలు తాటించినా, గిలక జారవిడిచినా పలకంతా పలుకుతుంది. తాను చేసిన పనికి ఫలితం ఒళ్లంతా తెలుస్తుంది. ఈ వేదికల వంశవృక్షంలో దీనికి దక్కాల్సిన గుర్తింపు దక్కలేదు.

నైట్‌క్లబ్బులకు వస్తే లండన్‌లోని ఫాబ్రిక్ పేరు ముందు చెప్పాలి. స్మిత్‌ఫీల్డ్ మాంసం మార్కెట్ ఎదురుగా, ఒకప్పటి శీతల గిడ్డంగిలో 1999 అక్టోబరులో అది తెరుచుకుంది. దాని మొదటి గదిలోని నేలకు సుమారు 400 ట్రాన్స్‌డ్యూసర్లు అమర్చారు. బాడీసోనిక్ ఫ్లోర్ అని దానికి పేరు. సంగీతంతో అదిరే కుర్చీలకు జపాన్‌లో ఆ పేరు అప్పటికే వాడుకలో ఉంది. ఫాబ్రిక్ యజమానులు బధిరుల కోసం ఆ ఫ్లోర్ వేయలేదు, వినగలిగే యువతకు బాస్ మత్తు పెంచడానికి వేశారు. నాలుగేళ్లకు, 2003లో, నెదర్లాండ్స్‌లో మొదలైన సెన్‌సిటీ ఉత్సవాలు ఇదే సాధనాన్ని బధిరుల ముందు పెట్టాయి. కంపించే నేల, పాటను సైగల్లో అభినయించే కళాకారులు, సంగీతానికి తగ్గట్టు పరిమళాలు వెదజల్లేవారు కలిసి ఆ కార్యక్రమాన్ని నడిపేవారు. లండన్‌లో డెఫ్ రేవ్ అనే బధిరుల డాన్స్ పార్టీ కూడా ఆ ఏడాదే మొదలైంది. దాని స్థాపకుడు ట్రాయ్ లీ స్వయంగా బధిరుడు, డీజే. ఇటీవల ఒంటికి తొడుక్కునే కంపన జాకెట్లు వచ్చాయి. 2018లో లాస్ వేగస్‌లో నాట్ ఇంపాజిబుల్ ల్యాబ్స్ సంస్థ అలాంటి పరికరాలతో ఒక కచేరీ నిర్వహించింది. గంతులేసేటప్పుడు పాదం నేలను వదిలినా జాకెట్ ఒంటిని వదలదు. ఆ మేరకు అది మెరుగు. పక్కవాడి కాలి కింద అదిరిందే మన కాలి కిందా అదరడంలో ఉన్న ఉమ్మడితనం మాత్రం జాకెట్‌కు లేదు.

బధిర కళాకారుల మాట

స్కాట్లాండ్‌కు చెందిన ఎవెలిన్ గ్లెనీ పన్నెండేళ్ల వయసుకే తీవ్రమైన వినికిడి లోపానికి గురై, ప్రపంచ ప్రసిద్ధ తాళవాద్య కళాకారిణిగా ఎదిగారు. ధ్వనిని శరీరంతో గ్రహించడానికి ఆమె తరచు చెప్పుల్లేకుండా వాయిస్తారు. ఆమె ఉదాహరణను పట్టుకుని, బధిర నర్తకులంతా నేల అదురు ఆధారంగానే ఆడతారని చాలామంది అనుకుంటారు. వాషింగ్టన్‌లోని గాలాడెట్ బధిరుల విశ్వవిద్యాలయంలో 1955 నుంచి నాట్యబృందం ఉంది. అక్కడి నర్తకులు ఈ అపోహను సరిదిద్దుతూనే ఉన్నారు. వారు నమ్ముకునేది లెక్క, చూపు, విసుగులేని సాధన. 2005లో చైనా టెలివిజన్ వసంతోత్సవంలో బధిర కళాకారులు ప్రదర్శించిన సహస్రహస్త బోధిసత్వ నృత్యానికి వేదిక నలుమూలలా నిలబడ్డ సైగల బోధకులు లయ అందించారు. అక్కడ నేల చేసిందేమీ లేదు.

కంపన ఫ్లోర్ లేనిదే బధిరులు ఆడలేరన్నట్టు రాసే ప్రచారపత్రాలు అందుకే అసంబద్ధం. శిక్షణ పొందిన నర్తకుడి కన్నా, పెళ్లి విందులోనో కాలేజీ ఫంక్షన్‌లోనో పాట ఎప్పుడు మొదలైందో, ఎప్పుడు మారిందో తెలియక గోడవారన నిలబడిపోయే మామూలు మనిషికి ఇది ఎక్కువ ఉపయోగం.

జాగ్రత్తలు

నిలువు దిశలో 4 నుంచి 8 హెర్ట్జ్ మధ్య కంపనాలకు మనిషి మొండెం అనునాదం చెందుతుంది. అలాంటి అతినిమ్న కంపనాలను ఫిల్టరుతో కత్తిరించాలి. ఒంటి మొత్తానికి తగిలే కంపనాన్ని కొలిచే పద్ధతిని అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్ఓ 2631 నిర్దేశిస్తుంది. యూరప్‌లో ఉద్యోగులకు ఎనిమిది గంటల పనిదినానికి సెకను వర్గానికి 1.15 మీటర్ల త్వరణాన్ని గరిష్ఠ పరిమితిగా విధించారు. ఆడివెళ్లే అతిథి కన్నా రాత్రంతా ఫ్లోర్ మీదే తిరిగే సిబ్బందికి ఈ లెక్క ముఖ్యం. పుట్టు బధిరుల్లో కొందరికి లోపలి చెవిలోని సమతౌల్య వ్యవస్థ కూడా దెబ్బతిని ఉంటుంది. వారికి ఊగే పలక ఇబ్బంది. గర్భిణులు, వెన్ను శస్త్రచికిత్స అయినవారు, అదురు భరించలేని పిల్లల కోసం కంపించని భాగం కొంత విడిచిపెట్టాలి. చక్రాల కుర్చీ ఎక్కడానికి వాలు కట్టాలి.

కచేరీ స్థలాల్లో 15 నిమిషాల సగటు ధ్వని 100 డెసిబెళ్లు దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో సూచించింది. బాస్‌ను కాళ్ల ద్వారా ఇవ్వగలిగితే స్పీకర్లను తగ్గించవచ్చు. మతపరమైన ఊరేగింపుల్లో డీజేలను పోలీసులు 2024లో నిషేధించిన హైదరాబాద్ లాంటి నగరంలో ఇది ఆలోచించదగ్గ మాటే. కాకపోతే ఊరేగింపుకు పలకలు పరవలేం. మేడ మీద వేస్తే రబ్బరు సరిగా లేనప్పుడు కింది వాటాలోని వారికి నిద్ర ఉండదు.

మన దగ్గర

2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో వినికిడి లోపం ఉన్నవారు 50 లక్షల పైచిలుకు. కళలు, వినోదం వారికీ అందుబాటులో ఉండేలా ప్రభుత్వాలు చర్యలు తీసుకోవాలని 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం 29వ సెక్షన్ చెబుతోంది. మన నాట్య సంప్రదాయాల్లో ఒక సౌలభ్యం ఉంది: కూచిపూడి అయినా పేరిణి అయినా ఆడేది ఒట్టి కాళ్లతోనే. మందపాటి రబ్బరు అడుగున్న బూట్లు మింగేసే కంపనం ఇక్కడ నేరుగా అరికాలికి అందుతుంది.

విదేశాల నుంచి ఖరీదైన పలకలు తెప్పించే ముందు బధిర పాఠశాలలు నీల్సన్ బోర్డుతో మొదలుపెట్టడం మంచిది. నాలుగడుగుల చదరపు పలుచని ప్లైవుడ్, అంచులకు అంగుళం లోపు ఎత్తు పట్టీ ఉంటే వడ్రంగి ఒక పూటలో చేసిస్తాడు. మృదంగం గానీ డప్పు గానీ దాని మీదే ఆనించి వాయిస్తే చాలు. పిల్లలకు నచ్చిందని తేలాక యాంప్లిఫయరు, ట్రాన్స్‌డ్యూసర్ల సంగతి చూడవచ్చు. సరిచేసే పనికి సౌండ్ ఇంజనీరుతో పాటు ఆ పిల్లలనూ కూర్చోబెట్టాలి. ఏది ఎక్కువైందో, ఏది చాలలేదో చెప్పగలిగేది వాళ్లే.