మాట విని ఎత్తు వేసిన యంత్రము

చదరంగపు బల్ల ముందు కూర్చున్నవాడు తన ఎత్తును ఇంగ్లీషులో నోటితో చెప్పును. ఎదుట మనిషి లేడు; గణన యంత్రము కలదు. అది మాటను గ్రహించి బదులు ఎత్తు వేయును. అమెరికాలోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయమున 1973 నాటికే ఇది సాధ్యమయ్యెను. ఆ ప్రోగ్రాము పేరు హియర్సే-1. లీ ఎర్మన్, రిచర్డ్ నీలీలతో కలిసి దీనిని రూపొందించినవాడు నాటి చిత్తూరు జిల్లా కాటూరులో 1937లో జన్మించిన దబ్బల రాజగోపాల రెడ్డి. లోకము రాజ్ రెడ్డిగా ఎరిగిన ఈయనకు 1994లో ట్యూరింగ్ పురస్కారము లభించెను.

ఆనాటి పి.డి.పి.-10 యంత్రము ఎంత పెద్దదైనను, నేటి విద్యార్థి చేతిలోని ఫోనుతో పోల్చిన దాని శక్తి అత్యల్పము. మాట ధ్వనియా, గొంతు గొంతుకు మారును. వినిన ప్రతి శబ్దమును సాధ్యమగు వాక్యములన్నింటితో సరిపోల్చుచు కూర్చున్నచో తెల్లవారును గాని ఆట సాగదు.

కనుక వినుటకు ఆట తెలివినే తోడు చేసిరి. మొదటి ఎత్తునే చూడుడు. ఎనిమిది బంట్లకు రెండేసి చొప్పున 16, రెండు గుర్రములకు రెండేసి చొప్పున 4. నియమములకు లోబడిన ఎత్తులు మొత్తము 20 మాత్రమే. ఏనుగు, మంత్రి, రాజు కదలలేవు. ఏనుగు కదిలినట్లు చెవికి తోచినను, ఆటగాడు అట్లనియుండడని త్రోసివేయవచ్చును. ఆట ముదిరిన కొలది ఎత్తులు పెరుగును. అప్పుడు వానిలో ఆడదగినవి ఏవియో చదరంగపు ప్రోగ్రాము వరుసపెట్టి చెప్పును. ధ్వని విభాగము ఆ ఊహలను వినిన శబ్దముతో సరిచూచును. వాక్యనిర్మాణము తెలిసిన విభాగము వేరొకటి కలదు. ఒకదాని లోపమును మరియొకటి పూరించును. చిక్కు లేకపోలేదు: ఆటగాడు మతిలేని ఎత్తు చెప్పినచో యంత్రమునకది త్వరగా అంతుపట్టదు. ఎదుటివాడు తెలివైనవాడని నమ్ముటలోని కష్టమిది!

ఇదే యుక్తికి గో ఆటలో గట్టి పరీక్ష ఎదురయ్యెను. చీనాలో పుట్టిన ఈ ఆటలో నిలువున 19, అడ్డముగా 19 గీతలు. మొదటి రాయి పెట్టుటకు 361 స్థానములు. 1968లో ఆల్బర్ట్ జోబ్రిస్ట్ రచించిన ప్రోగ్రాము కొత్తగా ఆట నేర్చినవారిని మాత్రమే గెలిచెను. చేతిలో ఇముడు చిన్న యంత్రమునకు ప్రోగ్రాము వ్రాయువానికి సులువైన దారి బల్లను కుదించుట. 9 గీతల బల్లపై స్థానములు 81 మాత్రమే. పూర్తి బల్ల కావలెనన్నచో, చూడనక్కరలేని స్థానములేవో ముందే తెలియవలెను. 2016లో లీ సెడోల్‌ను 4–1 తో ఓడించిన ఆల్ఫాగో ఆ వివేకమును మనుష్యుల ఆటలనుండియు, తనతో తానాడిన ఆటలనుండియు నేర్చినది. అందుకు పెద్ద యంత్రములు కావలసివచ్చెను. నేడు ఫోనులో గో ఆడు ప్రోగ్రాములలో కొన్నింటికి శిక్షణ అంతయు అట్టి యంత్రములపైననే ముగియును. నేర్చిన వివేకము మాత్రము ఫోనులోనికి దిగును.