ఒకే బెంచీ మీద: నంద్యాల, ఆళ్లగడ్డ హోటళ్లలో మన తరం

(1976 బ్యాచ్ పూర్వ విద్యార్థి, విశ్రాంత సాంఘికశాస్త్ర ఉపాధ్యాయుడు)

స్వర్ణోత్సవ సంచికకు ఏదైనా రాయమని మన సంఘంవాళ్లు అడిగారు. ముప్పై ఏళ్లు చరిత్ర పాఠాలు చెప్పినవాణ్ణి గనక బడి చరిత్ర రాస్తానని అనుకుని ఉంటారు. భవనం ఎప్పుడు కట్టారు, ప్రధానోపాధ్యాయులుగా ఎవరెవరు చేశారు, ఏ ఏడు ఎంతమంది పాసయ్యారు, ఇవన్నీ నాకన్నా బాగా రాసేవాళ్లు ఈ సంచికలోనే ఉన్నారు. నేను సాయంత్రం బడి గంట కొట్టిన తర్వాతి సంగతి రాస్తాను. మనమంతా పుస్తకాల సంచీ భుజాన వేసుకుని ఎక్కడికి పోయేవాళ్లమో గురువులకు కూడా తెలుసు. హోటలుకే పోయేవాళ్లం.

ఇందులో చరిత్ర ఏముందని నవ్వకండి. ఉంది. అందులో నేను సిగ్గుపడాల్సింది కూడా కొంత ఉంది.

పూటకూళ్ల ఇంటి నుంచి కాఫీ హోటలు దాకా

డబ్బిచ్చి అన్నం తినడం మనకు కొత్తేమీ కాదు. 'క్రీడాభిరామం'లో ఓరుగల్లు పూటకూళ్ల ఇల్లు ఉంది. అక్కడ ఒక రూకకు భోజనం. గురజాడ 'కన్యాశుల్కం'లో పూటకూళ్లమ్మను మరిచిపోయిన తెలుగు మాస్టారు ఉండరు. కానీ పూటకూళ్ల ఇంట్లో వండేవాళ్లెవరో, తినేవాళ్లెవరో ముందే తేలిపోయి ఉండేది. అందరూ వచ్చి కూర్చునే చోటు కాదది. సత్రాల సంగతీ అంతే. 1830లో మద్రాసు నుంచి కాశీకి బయలుదేరిన ఏనుగుల వీరాస్వామయ్య మన అహోబిలం, మహానంది చూసుకుంటూ పోయాడు. ఆయన పెద్ద పరివారంతో కదిలాడు. దారిలో ఎవరి వంట వాళ్లు చూసుకోవాల్సిన కాలమది. ఆయనంత స్తోమత లేనివాడు అటుకులో, సత్తుపిండో మూటకట్టుకుని నడిచేవాడు.

ధాత కరువు తర్వాత 1880లలో సదరన్ మరాఠా రైల్వే మన ప్రాంతానికి మీటర్ గేజి లైను వేసింది. గుంతకల్లు నుంచి డోన్, నంద్యాల, గిద్దలూరు మీదుగా నల్లమల దాటి బెజవాడ వైపు పోయే దారి అది. రైలు పెట్టెలో పక్కవాడి కులం అడిగి కూర్చోవడం కుదరదు. అయినా తిండి దగ్గరికి వచ్చేసరికి పాత పద్ధతే నడిచింది. ఆ రోజుల్లో మద్రాసు రాజధానిలోని హోటళ్లలో బ్రాహ్మణులకు వేరే గది ఉండటం మామూలే. మాంసం వడ్డించే చోటును మిలిటరీ హోటలు అనేవారు. ఉడుపి ప్రాంతం నుంచి వచ్చినవాళ్లు దక్షిణాది పట్టణాలకు ఇడ్లీ, దోసె, ఫిల్టర్ కాఫీ హోటళ్లు అలవాటు చేశారు. కె. కృష్ణారావు మద్రాసులో వుడ్‌లాండ్స్ తెరిచింది 1938లో.

1928 నవంబరులో మన నంద్యాలలో జరిగిన మహాసభలోనే దత్తమండలం అన్న పేరు పోయి రాయలసీమ అన్న పేరు వచ్చింది. ఆ పేరు సూచించినవారు చిలుకూరి నారాయణరావు. పేరు మారినంత తొందరగా భోజనాల పంక్తి మారలేదు.

దాన్ని మార్చడానికి రాజ్యాంగమే పూనుకోవలసి వచ్చింది. పిల్లలకు ప్రాథమిక హక్కులు చెప్పేటప్పుడు 15వ అధికరణం దగ్గర నేను ఎప్పుడూ ఆగేవాణ్ణి. మతం, కులం, లింగం, పుట్టిన చోటు కారణంగా దుకాణాల్లోకి, హోటళ్లలోకి ఎవరినీ రానీయకుండా ఆపకూడదని అందులో ఉంది. అంత పెద్ద గ్రంథంలో హోటలు మాట ఎందుకు వచ్చిందని ప్రతి ఏడూ ఎవరో ఒక పిల్లవాడు అడిగేవాడు. 1955లో అంటరానితనం నేరాల చట్టం వచ్చింది. హోటల్లోకి రానీయకపోవడమే కాదు, అందరికీ వాడే పాత్రలు వాడనీయకపోవడం కూడా ఆ చట్టం కింద నేరమే. 1976లో దాన్ని సవరించి పౌరహక్కుల పరిరక్షణ చట్టమని పేరు మార్చారు. మేము పదో తరగతి పరీక్షలు రాసిన సంవత్సరమూ అదే.

మా నలుగురి బెంచీ

తరగతిలో మా బెంచీ మీద నలుగురం. ఒకడు రైల్వే ఉద్యోగి కొడుకు. ఒకడు ఆళ్లగడ్డలో రాతి విగ్రహాలు చెక్కే శిల్పి కొడుకు, ఇక్కడ మేనమామ ఇంట్లో ఉండి చదువుకునేవాడు. ఒకడు ఆళ్లగడ్డ దగ్గరి పల్లె నుంచి వచ్చి ప్రభుత్వ హాస్టల్లో ఉండేవాడు. నాలుగోవాణ్ణి నేను. మా ఇంట్లో హోటలు తిండికి ఒప్పుకునేవాళ్లు కాదు. ఎవరు వండినారో, ఎవరు తిన్న గిన్నెనో అని మా అవ్వ గొణిగేది. ఆ మాటకు అర్థం అప్పట్లో నాకు తెలియదు. శుభ్రం గురించి అంటోందనుకున్నాను.

వారానికి ఒకసారి చిల్లర పోగేసుకుని పోయేవాళ్లం. మా లెక్క ఎప్పుడూ ఒకటే, రెండు ప్లేట్ల ఉగ్గాని, నాలుగు మిరపకాయ బజ్జీలు, టీ రెండైతే నాలుగు గ్లాసుల్లో. బొరుగులు నీళ్లలో తడిపి పిండి, ఉల్లిగడ్డ, పచ్చిమిరపకాయల తిరగమాతలో వేసి, పైన పప్పుల పొడి చల్లి ఇచ్చేవాడు. "ఏమబ్బీ, నలుగురికీ రెండు ప్లేట్లేనా?" అని హోటలాయన రోజూ అడిగేవాడు. అడుగుతూనే ఇంకో బజ్జీ పడేసేవాడు.

పరీక్ష బాగా రాస్తే కారం దోసె. ఎర్రకారం పూసి, పప్పుల పొడి చల్లి, శనక్కాయల చట్నీతో తెచ్చేవాడు. జేబులో ఇంకొంచెం ఉంటే సాయిబుల హోటల్లో కుష్కా. మాంసం ముక్క లేకున్నా బిరియానీ వాసన ఉండేది, అదే పండగ. ఎండాకాలం గోలీసోడా, సుగంధి షర్బతు.

ఒక మాట ఇక్కడే చెప్పాలి. ఆ రోజుల్లో హోటలుకు పోవడమంటే మెత్తని వరి అన్నానికి, ఇడ్లీకి పోవడం. కె.సి. కాలువ కింద వరి పండినా, కాలువ నీళ్లు అందని పల్లెల్లో ఇంటి తిండి జొన్నరొట్టె, కొర్రన్నం, సంగటి. పండగ నాడే వరికూడు. హాస్టలు మిత్రుడు ఫుల్ మీల్స్ ఆకు ముందు కూర్చుని, మళ్లీ అన్నం అడగవచ్చా అని మెల్లగా అడగడం నాకు ఇంకా గుర్తుంది. ఇప్పుడు మనవాళ్లు కార్లలో పోయి డబ్బు పోసి తినేది రాగి సంగటి, జొన్నరొట్టె. యాభై ఏళ్లలో ఇల్లూ హోటలూ తిండి మార్చుకున్నాయి.

ఆ బెంచీల మీదే పేపరు చదివాం, రేడియో విన్నాం. ఎమర్జెన్సీ రోజుల్లో ధరల బోర్డు గోడకెక్కింది. 1977లో నీలం సంజీవరెడ్డి మన నంద్యాల నుంచి గెలిచారు. రాష్ట్రంలోని 42 స్థానాల్లో జనతా పార్టీకి దక్కింది ఇదొక్కటే. ఆ ఏడే ఆయన రాష్ట్రపతి అయితే, ప్రతి టీ అంగడీ తన ఓటు వల్లనే అన్నట్టు మాట్లాడింది. 1991 నవంబరు ఉప ఎన్నికలో ప్రధాని పి.వి. నరసింహారావు 5 లక్షల 80 వేలకు పైగా మెజారిటీతో గెలిచినప్పుడు, ఢిల్లీ నుంచి వచ్చిన విలేకరులు మా మిరపకాయ బజ్జీకి కన్నీళ్లు పెట్టుకోవడం నేను కళ్లారా చూశాను.

మా తరగతి ఆడపిల్లలు ఈ జ్ఞాపకాల్లో ఎక్కడా లేరు. మరిచిపోయి కాదు. వాళ్లు హోటలుకు రావాలంటే ఇంటి పెద్దలతో రావాలి, పరదా వేసిన ఫ్యామిలీ రూములో కూర్చోవాలి. పదేళ్లు ఒకే బడిలో చదివిన మేము ఆడా మగా కలిసి ఒక బల్ల దగ్గర కాఫీ తాగింది మా యాభై ఏళ్ల వయసు దగ్గర పడ్డాకనే.

చూరులో గ్లాసు

హాస్టలు మిత్రుడికి ఒక అలవాటు ఉండేది. హోటలు వాకిలి దాకా మాతో వచ్చి, "మీరు ముందు కూర్చోండ్రా, నేను చేయి కడుక్కొని వస్తా" అనేవాడు. రోజూ అంతే. మేము కూర్చున్నాక ఒక నిమిషం ఆగి, అటూ ఇటూ చూసి, బెంచీ చివర కూర్చునేవాడు. శుభ్రమైన మనిషి అనుకున్నాం. గడియారంలా కచ్చితంగా చేయి కడుగుతాడని ఎగతాళి కూడా చేశాం.

పరీక్షలు అయిపోయాక 1976 వేసవిలో తన ఊరికి రమ్మన్నాడు. శిరివెళ్ల మీదుగా ఆళ్లగడ్డ దాకా బస్సు, అక్కడి నుంచి నడక. ఊరి మొదట్లో రచ్చకట్ట, పక్కనే టీ అంగడి. మా ముగ్గురికీ బల్ల మీది గాజు గ్లాసుల్లో టీ వచ్చింది. వాడు మాత్రం అంగడి చూరులోకి చేయి పెట్టి, అక్కడ దోపి ఉన్న గ్లాసు తీసుకుని, తనే కడుక్కుని, వంగి పట్టుకున్నాడు. అంగడాయన పైనుంచి పోశాడు. తాగి, మళ్లీ కడిగి, మళ్లీ చూరులో పెట్టాడు. నాలుగు టీల డబ్బులూ తానే ఇచ్చాడు. ఆ డబ్బులు మాత్రం అందరి డబ్బులు పడే గల్లాపెట్టెలోనే పడ్డాయి.

అప్పటికి రాజ్యాంగం వచ్చి 26 ఏళ్లు, చట్టం వచ్చి 21 ఏళ్లు. పరీక్షలో ఆ ప్రశ్నకు నాకు మంచి మార్కులే వచ్చాయి. ఆ అంగడి ముందు మాత్రం మా ముగ్గురిలో ఒక్కడూ నోరు తెరవలేదు. గ్లాసు కింద పెట్టనూ లేదు. టీ పూర్తిగా తాగి, ఎండగా ఉందని మాట్లాడుకుని, మధ్యాహ్నం బస్సుకు తిరిగి వచ్చేశాం. వాడు ఎందుకు చేయి కడుక్కునే నెపంతో వెనక నిలబడేవాడో బస్సులో నాకు తెలిసింది. నంద్యాల హోటల్లో ఎవరైనా లేవమంటారేమోనని వాడు రోజూ చూసుకునేవాడు. ఎవరూ అనలేదు. అయినా చూసుకోవడం మానలేదు.

ఆళ్లగడ్డలో సంగటి

ఆళ్లగడ్డ పేరు చెబితే బయటివాళ్లకు ఫ్యాక్షన్ గుర్తొస్తుంది. మాకు ఉలి చప్పుడు, అహోబిలం బస్సు కోసం ఎదురుచూసే యాత్రికులు, బస్టాండు దగ్గరి మెస్సులు గుర్తొస్తాయి. పరీక్షలు రాసి పాతికేళ్లయిన సందర్భంగా 2001లో మేము నలుగురం అక్కడే కలిశాం. సంగటి ముద్ద, నాటుకోడి పులుసు, శనక్కాయల ఊరిబిండి. హాస్టలు మిత్రుడు అప్పటికి బ్యాంకులో అధికారి. ఈసారి ముందు తనే పోయి కూర్చున్నాడు, నడిమధ్యన.

తింటూ తింటూ, ఎవరూ అడగకుండానే చెప్పాడు. "ఆ పొద్దు మిమ్మల్ని ఎందుకు పిలిచినానో తెలుసునారా? మా అమ్మ మీకు కూడు పెట్టాలని కోడి కోసి చేసింది. ఇంటికి పిలిస్తే తింటారో, ఏదో ఒక సాకు చెప్తారో నాకు తెలీలేదు. తినమంటే నేను చూడలేను. అందుకే టీ అంగడి కాన్నే నిలబెట్టి పంపిస్తి."

ముద్ద గొంతులో అడ్డం పడింది. ఆ రోజు పిలిచి ఉంటే నేను తినేవాణ్ణా? తినేవాణ్ణని చెప్పగలిగితే బాగుండు. మా అవ్వ ముఖం గుర్తొచ్చింది. చెప్పలేకపోయాను. వాళ్లమ్మ అప్పటికి లేదు.

బిల్లు ఇచ్చి బయటికి వచ్చాక శిల్పి మిత్రుడే అన్నాడు, "మీ ఇల్లు యాడరా? పోదాం పా" అని. కడుపులు నిండి ఉన్నాయి. అయినా వాళ్లింట్లో చాప మీద కూర్చుని, ఆ ఇంటి ఇల్లాలు పెట్టిన ఓళిగలు తిన్నాం, మజ్జిగ తాగాం. పాతికేళ్లు ఆలస్యంగా.

సంఘానికి ఒక మనవి

చరిత్ర మాస్టారుగా నాకు తోచింది ఇది. హోటలు మన తరానికి చేసిన మేలు చిన్నది కాదు. ఇళ్లు చేయని పని అది చేసింది. చిల్లర ఉన్న ప్రతివాణ్ణీ ఒకే బెంచీ మీద కూర్చోబెట్టింది. దాని వెనక చట్టం ఉంది, వ్యాపారం ఉంది, పట్టణం ఇచ్చే మరుగు ఉంది. కానీ ఆ స్నేహం ఇంటి గడప దగ్గర ఆగిపోయింది. గడప దాటించే అధికరణం ఏదీ లేదు. అది మనమే దాటాలి.

2003 నుంచి మన బడుల్లో పిల్లలకు మధ్యాహ్నం వేడి అన్నం పెడుతున్నారు. పక్కపక్కనే కూర్చుని తింటున్నారు. 2022లో నంద్యాల జిల్లా కేంద్రమైంది. ఇప్పుడు ఇక్కడి కుర్రవాళ్లు మండీ హోటల్లో నలుగురు ఒకే పళ్లెం చుట్టూ కూర్చుంటారు. ఎవడూ చేయి కడుక్కునే నెపంతో వెనక నిలబడటం నాకు కనపడలేదు. చూసి సంతోషించాను. వాళ్లు ఒకరింటికి ఒకరు పోతున్నారా అన్నది వాళ్లనే అడగాలి.

స్వర్ణోత్సవం నాడు టిఫినుకు ఉగ్గాని, బజ్జీ పెట్టాలని సంఘంవాళ్లను కోరుతున్నాను. రైల్వే మిత్రుడు ఇప్పుడు లేడు, వాడి వాటా బజ్జీ మేం ముగ్గురం పంచుకుంటాం. ఇక మీకందరికీ ఒక మనవి. ఆ రోజు మీ పాత బెంచీ మీద పక్కన కూర్చున్నవాళ్లను ఒకసారి చూడండి. వాళ్లలో ఎవరింట్లో మీరు ఇంతవరకు మంచినీళ్లు కూడా తాగలేదో గుర్తు చేసుకోండి. సభ అయ్యాక భోజనానికి హోటలుకు పోకండి. వాళ్లింటికి పోండి. లేదా వాళ్లను మీ ఇంటికి పిలవండి.