ఇంటి మెరక, చల్లదనం
ఘంటసాల మండలం శ్రీకాకుళంలోనూ, కృష్ణా దిగువ డెల్టా అంతటా, ఇంటి నేల కింద సాధారణంగా ఖాళీ వదలరు. పునాది గోడల మధ్య మట్టి, బుసక నింపి, నీళ్లు పెట్టి, దిమ్మిస కొట్టి పైన గచ్చు చేస్తారు. అమెరికాలో చాలా ఇళ్ల కింద మనిషి పాకేంత ఖాళీ ఉంటుంది. అక్కడ బయటిగాలి చొరబడితే హీటరు వేడి, ఏసీ చల్లదనం రెండూ వృథా. ఇక్కడ ఆ నష్టం లేదు. మెరక మట్టి వేడిని మెల్లగా పీల్చుకుంటుంది కాబట్టి మే మధ్యాహ్నం చాప లేకుండానే గచ్చు మీద పడుకుంటారు.

అసలు చిక్కు చెమ్మ. కాలవలు పారే రోజుల్లో తడి గోడల్లోకి ఎక్కి, అడుగున సున్నం పొలుసులుగా రాలుతుంది. ఆ తేమను లాగడానికి ఏసీ అదనంగా కరెంటు కాలుస్తుంది. పునాది మీద చెమ్మను అడ్డుకునే డీపీసీ పొర వేయడమే సరైన మందు. ఇల్లు లేచాక చేసే పూతలు అంతగా నిలవవు.