ఏళ్ల టెకీలా, పూటల కల్లు

ఏళ్ల తరబడి ఊరిన టెకీలాను గ్లాసులో తిప్పి, వాసన చూసి, నాలుక మీద కాసేపు నిలిపి మురిసేవాళ్లను చూస్తే మా నాయనే కళ్ల ముందుకొస్తాడు. కల్లు గీసేటోడు. రేకలో పోసింది ఒక్క గుక్క తాగి, వాగు ఒడ్డు చెట్టుదో గట్టు మీది చెట్టుదో చెప్పేవాడు. వికారాబాద్ దగ్గరి అనంతగిరి కొండల కింద వాగుల వెంట ఉన్న ఈతచెట్లే మాకు పొలం, పుట్ర.

టెకీలాకు నీలి కిత్తలి కావాలి. మన కిత్తనారకు చుట్టమే. మెక్సికోలో దాన్ని ఆరేడేళ్లు పెంచి, నరికి, గడ్డను ఉడికించి, పులియబెట్టి బట్టీ పడతారు. ఓక్ పీపాలో ఏడాది ఉంటే ‘అన్యేహో’, 3 ఏళ్లుంటే ‘ఎక్స్‌ట్రా అన్యేహో’. ఈ రెండో తరగతి 2006లో వచ్చిందే. అక్కడే మరో రకం కిత్తలి రసాన్ని బట్టీ పట్టకుండా పులియనిచ్చి తాగుతారు. పుల్కే అంటారు, మన కల్లుకు తోబుట్టువు.

కల్లు పీపాలో మాగదు. తెల్లారి దించిన లొట్టిలో తీపి, పొద్దెక్కితే నురగ, మాపటికి పులుపు. లొట్టి లోపల సున్నం పూస్తే పులియక నీరా అవుతుంది. వయసంతా చెట్టుదే. ఈత మానును దగ్గరికెళ్లి చూడండి. ఒక ఏడు ఒక పక్క, ఇంకో గీతకు అవతలి పక్క చెక్కుతారు కనుక మాను వంకర్లు తిరిగి మెట్లు పడుతుంది. ఆ గాట్లు లెక్కపెడితే ఎన్నిసార్లు గీశారో తెలుస్తుంది. కిత్తలిని ఒకేసారి నరికేస్తారు, ఈతను ఏళ్ల తరబడి గీస్తారు. నా ఓటు ఈతకే.

ఒకప్పటి నిజాం సర్కారుకు ఈ రుచులు, గాట్లు పట్టలేదు, రాబడే ముఖ్యం. చెట్టుకు పన్ను, దుకాణానికి వేలం. ఆబ్కారీ పైసలతో ఖజానా నిండింది, గుత్తేదారు బాగుపడ్డాడు. గీసే గౌడుకు మిగిలింది చెట్టెక్కే మోకు, ముస్తాదు. అందుకే 1947లో హైదరాబాద్ స్టేట్ కాంగ్రెస్ సత్యాగ్రహులు సర్కారు ఆదాయాన్ని దెబ్బకొట్టడానికి ఈత, తాటి చెట్లు నరికారు. ఉద్యమం న్యాయమైనదే, కాదనను. కాని గొడ్డలి వేటు నిజాం కంటే ముందు గీతగాడి కడుపుకే తగిలింది.

ఇప్పటి శత్రువు వేరు: మత్తుమందు. క్లోరల్ హైడ్రేట్, డైజిపామ్, అల్ప్రాజోలం కలిపిన నీళ్లకు కల్లని పేరు. 2021 జనవరిలో మా వికారాబాద్ జిల్లాలోనే కల్తీ కల్లు తాగి వందమందికి పైగా జబ్బుపడ్డారు. దాంట్లో రుచి చూడటానికి ఏముంది? తాగాలనుకుంటే సీసాల్లో అమ్మేది కొనకండి. పొద్దున్నే చెట్టు కిందికి రండి, దించేవాణ్ని చూసి తాగండి.