రాత కాదు, రాడ్!

మొన్నామధ్య సూరత్ వెళ్ళాను. అక్కడ కోసాడ్‌లో మా మేనల్లుడికి చిన్న షెడ్డు ఉంది. వరంగల్ నుంచి మరమగ్గాల పనికి వలస వెళ్ళిన కుటుంబం వాళ్ళది. వీడు మాత్రం పాత కార్ల పనిలో పడ్డాడు. నేను వెళ్ళిన రోజు 1960ల నాటి అంబాసిడర్‌కి స్టీరింగ్ కాలమ్ మారుస్తున్నాడు. బంపర్‌కి నిమ్మకాయా మిరపకాయలూ వేలాడుతున్నాయి!

బ్యాటరీ వైరు పీకాడు. హారన్ బటన్ తీసి, నడిమి నట్టు విప్పి, స్టీరింగ్ ఎటు తిరిగి ఉందో గుర్తు పెట్టి లాగాడు. గేరు కడ్డీలు విడదీసి, డాష్‌బోర్డు కింది బోల్టులూ అడుగునున్న బోల్టూ తీశాక కాలమ్ బయటికొచ్చింది. చేత్తో పట్టుకుని చూశాను. అచ్చం గునపం! ఒక కొస బండి ముందు భాగంలో, రెండో కొస డ్రైవరు గుండెకి ఎదురుగా.

నాకు మా బావ గుర్తొచ్చారు. 1988లో భరూచ్ దారిలో ఆయన టాక్సీ లారీని గుద్దుకుంది. అదీ అంబాసిడరే. తలకి దెబ్బ లేదు. స్టీరింగ్ ఛాతీలో దిగబడింది. చుట్టాలు రెండు కారణాలు చెప్పారు. ఒకటి బావ రాత. రెండోది మా చెల్లెలి 'కాలు'. ఆ మాట అది ఇప్పటికీ మోస్తూనే ఉంది.

నేను రక్షణ శాఖ లెక్కల్లో పనిచేసి రిటైరైన వాణ్ణి. నష్టం రాస్తే పక్కన కారణం రాయాలి. 'రాత' అని రాస్తే ఏ ఆడిటరూ ఒప్పుకోడు. మరి ప్రాణనష్టానికి ఎందుకు ఒప్పుకుంటున్నాం?

ఒప్పుకోని మనిషి ఒకడున్నాడు. పేరు హ్యూ డిహేవన్. మొదటి ప్రపంచయుద్ధ కాలంలో రాయల్ ఫ్లయింగ్ కోర్ శిక్షణలో ఉండగా విమాన ప్రమాదంలో చావు తప్పించుకున్నాడు. అందరూ అదృష్టమన్నారు. ఆయన మాత్రం, నా చుట్టూ ఉన్న నిర్మాణం ఎలా వంగింది, నాకు ఏది తగిలింది అని ఆలోచించాడు. 50 నుంచి 150 అడుగుల ఎత్తు నుంచి పడి బతికినవాళ్ళని పరిశీలించి 1942లో వ్యాసం ప్రచురించాడు. తేలిందేమిటి? దెబ్బ ఒకేచోట, ఒక్క క్షణంలో తగలకుండా ఎక్కువ మేర, ఎక్కువసేపు పంచుకుపోతే శరీరం తట్టుకుంటుంది. అంతే, మహిమ లేదు!

ఈ సూత్రమే స్టీరింగ్‌కీ వర్తించింది. గుద్దినప్పుడు నలిగి కురచయ్యే స్టీరింగ్‌కి బేలా బరేనీ 1963లో జర్మనీలో పేటెంటు పొందాడు. కారు లోపలి భాగాలే మనిషిని చంపుతున్నాయని రాల్ఫ్ నాడర్ 1965లో పుస్తకం రాశాడు. 1966లో అమెరికా చట్టం చేసింది. జనరల్ మోటార్స్ 1967 మోడళ్ళలో నలిగే కాలమ్ పెట్టింది. 1968 జనవరి 1 నుంచి అక్కడ కొత్త కార్లకి రెండు నియమాలు వచ్చాయి: డ్రైవరు వచ్చి పడితే స్టీరింగ్ ఆ దెబ్బని మింగాలి, బండి ముందు భాగం నలిగితే కాలమ్ వెనక్కి తోసుకురాకూడదు. 1981లో అక్కడి ప్రభుత్వ సంస్థే లెక్క తీసింది. ఎదురుగా గుద్దిన ప్రమాదాల్లో డ్రైవర్ల మరణావకాశం సుమారు 12 శాతం తగ్గింది. నూటికి నూరు కాదు, పన్నెండే. సైన్సు తన లోటు తనే చెప్పుకుంటుంది. నిమ్మకాయకి ఇలాంటి లెక్క ఎవరైనా చూపించారా?

మరి మన దేశంలో? అంబాసిడర్ తయారీ 2014 వరకూ సాగింది. కొత్త మోడళ్ళకి ఎదురుగా గుద్దించి చూసే పరీక్ష 2017 అక్టోబరు నుంచి గానీ తప్పనిసరి కాలేదు. అమెరికా నియమాలకీ దీనికీ మధ్య దాదాపు యాభై ఏళ్ళు. మా బావ ఆ యాభై ఏళ్ళలో పోయారు.

"మామా, అయితే దీనికి కొత్త కారు కాలమ్ కోసి వెల్డింగ్ చేద్దామా?" అన్నాడు మావాడు. వద్దన్నాను. కాలమ్ ఒక్కటే నలిగితే చాలదు. దాన్ని పట్టుకున్న బ్రాకెట్టు సరైన బలం దగ్గర వదలాలి, కింది కీలు వంగాలి. పరీక్షించని అతుకు కూడా ఒక మూఢనమ్మకమే. పాతది సరిగ్గా బిగించి, గట్టి చోట సీటుబెల్టు పెట్టి, బండిని నెమ్మదిగా తిప్పమని ఓనరుకి చెప్పమన్నాను.

సాయంత్రం ఆ పాత రాడ్‌ని మా చెల్లెలికి చూపించి ఇదంతా చెప్పాను. చాలాసేపు చేత్తో తడుముతూ కూర్చుంది. "ఈ మాట అప్పుడే ఎవరన్నా మా అత్తకు చెప్పుంటే బాగుండు" అంది.

ఆ 'ఎవరన్నా' నేనే అయ్యుండాలి. మీ ఇంట్లో అలాంటి మాట మోస్తున్నవాళ్ళుంటే, మీరు నాలా ఆలస్యం చేయకండి.