కాకినాడలో రింగుల ఆట

మా నాయన ఏదైనా కొత్త పని మొదలుపెడతానంటే చాలు, మా అవ్వ ఒకటే మాట అంటుంది: "మనకెందుకురా యాపారం? అది మన వంశంలోనే లేదు." చిన్నప్పటి నుంచీ వింటున్నాను కాబట్టి నేనూ అది నిజమే అనుకున్నాను. ఈ ఏడాది చరిత్ర ప్రాజెక్టు చేశాక ఆ మాట మీద నాకు అనుమానం వచ్చింది. ఆ సంగతే ఈ వ్యాసంలో రాస్తున్నాను.

మా సార్ ఇచ్చిన అంశం "స్వాతంత్ర్యం తర్వాత పరిశ్రమలు". మా తరగతిలో చాలామంది భిలాయ్, రూర్కెలా ఉక్కు కర్మాగారాల గురించి రాశారు. నాకు మాత్రం కాకినాడ పేరు కనబడింది. దాని పక్కనే మా వేలూరు పేరు కూడా ఉంది! అందుకే వదల్లేదు.

అవ్వ అన్న మాట పెద్ద పండితులు కూడా అన్నారని అప్పుడే తెలిసింది. జర్మనీ పండితుడు మాక్స్ వెబర్, ఒక జాతి మతానికీ ఆచారాలకీ దాని ఆర్థిక ప్రగతికీ సంబంధం ఉందని రాశాడు. భారతదేశంలో కులం, పాత నమ్మకాలు ఆధునిక వ్యాపారానికి అడ్డు అని ఆయన అభిప్రాయం. అమెరికాలో హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో మనస్తత్వశాస్త్రం బోధించిన డేవిడ్ మెక్‌క్లెలాండ్ ఇంకో అడుగు ముందుకు వేశాడు. సమాజం ముందుకు పోవాలంటే మనుషుల్లో "సాధించాలి" అన్న తపన ఉండాలని 1961లో ఒక పుస్తకం రాశాడు. ఆ తపన పుట్టుకతోనే రావాలా, పెద్దయ్యాక నేర్పించవచ్చా అన్నది తర్వాతి ప్రశ్న. దాన్ని తేల్చడానికి ఎంచుకున్న ఊళ్లలో ముఖ్యమైనది కాకినాడ.

అప్పట్లో కాకినాడ లక్ష పైచిలుకు జనాభా ఉన్న రేవు పట్టణం. అక్కడి నుంచి 52 మంది వ్యాపారులను 1964లో హైదరాబాదులోని చిన్న పరిశ్రమల శిక్షణ సంస్థకు జట్లుజట్లుగా రప్పించారు. వేలూరు వ్యాపారులకు కూడా ఇలాంటి శిక్షణే ఇచ్చారు.

అక్కడ లెక్కలు రాయడమో, సరుకు కొనడమో నేర్పలేదు. ఒక బొమ్మ చూపించి, దాని మీద కథ రాయమనేవారు. ఆ కథలో మనిషి ఏదైనా సాధించాలని తపిస్తున్నాడా, ఊరికే కూర్చుని ఉన్నాడా అని ఎవరి కథను వాళ్లే పరిశీలించుకోవాలి. రింగులు విసిరే ఆట కూడా ఉంది. ఒక కర్ర పాతి, దాని మీద పడేలా రింగు విసరాలి. ఎంత దూరంలో నిలబడాలో ఆడేవాడి ఇష్టం. కొందరు కర్ర పక్కనే నిలబడి వేస్తారు, అందులో గెలుపేముంది? కొందరు మరీ దూరం నుంచి విసిరి అదృష్టం మీద వదిలేస్తారు. సాధించాలన్న తపన ఉన్నవాడు మధ్యలో నిలబడతాడు. కొంచెం కష్టం, కానీ ప్రయత్నిస్తే పడుతుంది. చివరికి ప్రతి ఒక్కరూ రాబోయే రెండేళ్లలో ఏం చేస్తారో పథకం రాసుకోవాలి.

రెండేళ్ల తర్వాత చూస్తే, శిక్షణ పొందినవాళ్లలో సుమారు సగం మంది చురుగ్గా పనిచేస్తున్నారు. కొత్త వ్యాపారం పెట్టినవాళ్లు, పాతదాన్ని పెంచినవాళ్లు, పనివాళ్లను చేర్చుకున్నవాళ్లు వీళ్లలో ఉన్నారు. శిక్షణ లేనివాళ్లలో అలాంటివాళ్లు పావు వంతే. పాత ఆచారాలు పాటించేవాళ్లు వెనకబడిందేమీ లేదు. పూజ చేసుకునేవాడు కూడా ఫ్యాక్టరీ పెట్టగలడు అన్నమాట. మెక్‌క్లెలాండ్, డేవిడ్ వింటర్ కలిసి 1969లో ఈ ఫలితాలను పుస్తకంగా తెచ్చారు.

ఇది చదివి నేను ఎగిరి గంతేసి, "చూడు అవ్వా, వంశం కాదంట!" అన్నాను. అవ్వ నవ్వి, "మరి మీ నాయన కాగితాలో?" అంది.

అవ్వ అడిగినదాంట్లో న్యాయం ఉంది. మా నాయన ఒకరి దగ్గర కుట్టుపని చేస్తాడు. రెండు మిషన్లతో సొంత కొట్టు పెట్టాలని మూడుసార్లు అప్పు కోసం ఒక ఆఫీసుకు తిరిగాడు. ఒకసారి ఫారం తప్పన్నారు, ఒకసారి సంతకం పెట్టే అధికారి లేడన్నారు, మూడోసారి మళ్లీ మొదటి నుంచి రాయమన్నారు. నాయనకు తపన లేదని ఎవరనగలరు?

మళ్లీ పుస్తకాలు తిరగేస్తే దానికీ జవాబు దొరికింది. కాకినాడ శిక్షణ వల్ల ఎక్కువ మారింది సొంతంగా నిర్ణయం తీసుకునే అధికారం ఉన్న వ్యాపారులేనట. అంటే మనసు మారితే సరిపోదు, చెయ్యి కూడా ఆడాలి. ఆ రోజుల్లో ఒక స్థాయి దాటిన పరిశ్రమకు 1951 చట్టం ప్రకారం ఢిల్లీ నుంచి లైసెన్సు కావాలి. చిన్నవాళ్లు ఒకే చోట పని పూర్తి చేసుకోవాలని 1978లో జిల్లా పరిశ్రమల కేంద్రాలు పెట్టారు. 1991 జులైలో చాలా పరిశ్రమలకు లైసెన్సు అక్కర్లేదన్నారు. 2020 జులై నుంచి చిన్న పరిశ్రమల నమోదు ఆన్‌లైన్‌లో, సొంత ప్రకటన మీదే జరుగుతోంది. శిక్షణ కూడా ఆగిపోలేదు. 1983లో అహ్మదాబాదులో అందుకోసమే ఒక సంస్థ పుట్టింది. ఆనాటి హైదరాబాదు సంస్థ పేరు మారినా యూసుఫ్‌గూడలో నేటికీ పనిచేస్తోంది.

నాకు అర్థమైంది ఇది. "మన రక్తంలో లేదు" అని మనమే అనుకుంటే ఆఫీసువాళ్లకు పని తేలిక, మనల్ని ఎవరూ ఆపనక్కర్లేదు. "తపన ఉంటే అన్నీ వస్తాయి" అని ఆఫీసువాళ్లు అంటే, ఆలస్యం చేసిన తప్పు వాళ్లది కాకుండా పోతుంది. రెండు మాటలూ సగం సగమే నిజం. మనిషీ మారాలి, ఆఫీసూ మారాలి.

మొన్న ఆదివారం మా పెరట్లో కర్ర పాతి, పాత గాజులు తెచ్చి ఆట పెట్టాను. తమ్ముడు కర్ర పక్కనే నిలబడ్డాడు. నాయన ఏమీ మాట్లాడకుండా నాలుగడుగులు వెనక్కి వేశాడు. మొదటి రెండు పడలేదు, మూడోది పడింది. అరుగు మీద కూర్చున్న అవ్వ అంతా చూసి, "నాలుగోసారి పోయి రారా, ఈసారి పిల్లను కూడా తీసుకుపో, ఫారం అది రాస్తుంది" అంది.

సోమవారం బడి అయ్యాక మేమిద్దరం పోతున్నాం.

— పదో తరగతి విద్యార్థిని