పాతయింటి వంటసాల: నిలుపవలసినదియు విడువవలసినదియు

పెద్దలు కట్టించిన పాతయిండ్లను పడగొట్టక బాగుచేయించుకొనవలెనను కోరిక యీ నడుమ మనవారిలో బలపడుచున్నది. ఇది సంతోషింపదగిన మార్పే. మండువా లోగిళ్లను కూలద్రోసి, టేకుదూలములను చెక్కడపు ద్వారబంధములను పాతసామానుల వర్తకులకు అమ్మివేసిన కాలమును మనము చూచియున్నాము. ఇప్పుడు అట్టి యింటిని నిలుపుకొన గోరువారు స్తంభములను, వసారాలను సులభముగానే సరిచేయించుకొనుచున్నారు. చిక్కంతయు ఇంటి వెనుకభాగమున వచ్చుచున్నది. వంటసాలను స్నానగృహమును పాతకాలపు తీరుననే యుంచవలెనా? ఉంచవలెనన్నచో ఆ పాతతీరు ఎట్టిది? ఇత్తడి కుళాయి, రాగి గంగాళము, పువ్వులబిళ్లల నేల, దూలమునకు వ్రేలాడు ఉట్టి, ఇవి మాత్రమేనా? ఈ ప్రశ్నకు ఉత్తరము చెప్పుటకు ముందు ఆ వెనుకభాగపు చరిత్రను కొంత తెలిసికొనుట యవసరము. ఇంటి ముందుభాగము యజమానుని గౌరవమునకై కట్టబడినది. వెనుకభాగమో మాట్లాడనివారి శ్రమమీద నడచినది.

గోదావరి, కృష్ణా మండలములలోని మండువా యింటియందు నడుమ ఆకాశము కనబడు మండువాయు, దాని నాలుగుప్రక్కల వసారాలును, వాని వెనుక గదులును ఉండును. చూరులనుండి జారిన వాననీరు మండువాలో బడి తూము వెంట వెలుపలికి పోవును. వంటసాల వెనుకతట్టున, వాస్తు ననుసరించి తరచుగా ఆగ్నేయమూల నుండును. దానిని దాటిన పెరడు. పెరటిలో నుయ్యి, నూతిగట్టు, నీళ్లగాబు, తులసికోట. చివర వెనుకసందులోనికి దొడ్డిగుమ్మము. వంటసాల నేల సామాన్యుల యిండ్లలో పేడతో అలికిన మట్టినేల. కలవారి యిండ్లలో గచ్చు, లేదా కడప నాపరాతి పలకలు. ఒకమూల రోలు, వేరొకమూల తిరగలి, గోడవార సన్నికల్లు, పైన అటక. పొయ్యి నేలమీదనే యుండెను గనుక వండెడి స్త్రీ రోజులో పెక్కుగంటలు కూర్చుండి, వంగి, లేచి పనిచేయవలసి యుండెను.

ఈ యింటిలో నిస్సంశయముగా నిలుపదగినవి మొదట చెప్పెదము. అందు ప్రధానమైనది సున్నము. మన తాపీపనివారు సున్నమును ఇసుకతో గానుగలో నూరి, కరక్కాయలు నానిన నీటిని, బెల్లపునీటిని కలిపి గచ్చు చేయుచుండిరి. ఈ సున్నము గాలిలోని బొగ్గుపులుసు వాయువును గ్రహించి మెల్లమెల్లగా రాయివలె గట్టిపడును. అంతకంటె ముఖ్యమైన గుణ మింకొకటి గలదు. గోడలో చేరిన చెమ్మ సున్నపుపూత గుండా ఆవిరియై వెలుపలికి పోగలదు. పోర్ట్‌లాండు సిమెంటునకు ఇంగ్లండులో జోసెఫ్ ఆస్ప్డిన్ 1824లో పేటెంటు పొందెను. నేడు లోకమంతయు దానిమీదనే నిలిచియున్నది. కాని సున్నముతో కట్టిన పాత యిటుకగోడకు సిమెంటు పూసినచో చెమ్మ లోపలనే చిక్కుకొనును. ఇటుకలోని లవణములు పొంగి పూత పెచ్చులుగా నూడిపోవును. నీటివాడకము మెండుగా నుండు వంటసాలయందును స్నానగృహమునందును ఈ కీడు మొదట కనబడును. కావున పాతగోడకు పాతసున్నమే వైద్యము.

ఇక్కడ ఒక భ్రమను తొలగించుకొనుట మంచిది. మనము అనాదియని తలచు వస్తువులలో కొన్ని నిన్నమొన్నటివి. మంగుళూరు పెంకును బాసెల్ మిషనువారు 1865లో స్థాపించిన కార్ఖానాలో చేయ నారంభించిరి. అది తీరమువెంట వ్యాపించి మన గూనపెంకులను వెనుకకు నెట్టినది. రంగుల పువ్వుల సిమెంటు బిళ్లలు మొదట విదేశములనుండి వచ్చుచుండెను. 1922లో బొంబాయియందు స్థాపింపబడిన భారత్ ఫ్లోరింగ్స్ వంటి స్వదేశీ కార్ఖానాలు వానిని ఇచ్చటనే చేయసాగినవి. మన పూర్వులు తమకాలపు క్రొత్తవస్తువులను సంకోచము లేక యింటిలోనికి రానిచ్చిరి. వారి పేరు చెప్పి మనము మార్పునకు తలుపు మూయుట వారికి న్యాయము గాదు.

ఇక విడువవలసినవానిని గూర్చి విచారింతము. మొదటిది పొగ. పెక్కు పాతవంటసాలలకు పొగగొట్టము లేదు. గోడపైభాగమున ఒక గవాక్షమో, పెంకులసందులో ఒక రంధ్రమో యుండెడిది. కఱ్ఱలు, పిడకలు కాలిన పొగ గదియంతయు నిండి, దూలములను నల్లగా మెఱయించెను. నేడు ఆ నలుపును చూచి ముచ్చటపడువారు గలరు. పొగచేత వాసములకు పురుగు పట్టదని పెద్దలు చెప్పుదురు. ఆ వాసములక్రింద ముప్పది నలువదియేండ్లు ఊదుగొట్టముతో మంట రాజవేసిన స్త్రీల కన్నులనుగూర్చి, ఊపిరితిత్తులనుగూర్చి చెప్పినవారు తక్కువ. ఇండ్లలోని పొగవలన 2020లో లోకమున సుమారు 32 లక్షలమంది మరణించిరని ప్రపంచ ఆరోగ్యసంస్థ అంచనా వేసినది. నల్లని దూలము శిల్పము కాదు. అది ఒక వ్యాధిచరిత్ర.

ఈ పొగను తొలగించుటకు మన దేశముననే ప్రయత్నములు జరిగినవి. వార్ధాలోని మగన్‌వాడిలో గ్రామపరిశ్రమల కార్యకర్తలు పొగలేని మట్టిపొయ్యిని రూపొందించిరి. హైదరాబాదు ఇంజనీరింగు పరిశోధనాలయమున డాక్టరు ఎస్. పి. రాజుగారు పొగగొట్టముతో గూడిన మట్టిపొయ్యిని నిర్మించి, కోట్లాది పేదయిండ్లకు పొగలేని వంటసాలలు కావలెనని 1953లో ఒక పుస్తకమే ప్రకటించిరి. ఒక మంటమీద పెక్కు పాత్రలు కాగుట, పొగ గొట్టముగుండా పైకి పోవుట, ఇంతే దాని మర్మము. జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్టు నగరమున మార్గరెటె షూటె-లిహోట్స్కీ యను స్త్రీ శిల్పి, వంటచేయువారి యడుగులను లెక్కించి శ్రమ తగ్గునట్లు 1926లో చిన్నవంటసాలను రచించినది. అట్టి యోచన మనకు ఆలస్యముగా వచ్చినది. ఉమ్మడి ఆంధ్రప్రదేశమున 1999లో దీపము పథకమును, దేశమంతట 2016లో ఉజ్జ్వల పథకమును పేదస్త్రీలకు గ్యాసుపొయ్యిలను చేర్చినవి. మండువా లోగిలి యజమానులు అంతకుముందే వానిని కొనగలిగినవారు. అయినను అనేకగృహములలో అత్తగారి కట్టెపొయ్యి చాలకాలము కోడలికి వారసత్వముగా వచ్చుచునే యుండెను.

రెండవది గడప. వంటసాల గడప కఱ్ఱతో చేసినదైనను దానికి శాసనబలము గలదు. ఎవరు దానిని దాటవచ్చును, ఎవరు దాటరాదు, ఏ దినములలో ఇంటి యాడుబిడ్డయే వెలుపల కూర్చుండవలెను అను నియమములన్నియు అక్కడనే అమలు జరిగినవి. 1881 డిసెంబరు 11వ తేదీన రాజమహేంద్రవరమున కందుకూరి వీరేశలింగము పంతులుగారు మొదటి వితంతు వివాహమును జరిపించినప్పుడు, ఊరివారు వారిని వెలివేసిరి. ఆ వెలి తాకినది వంటసాలనే. వంటవారు రారైరి, నీళ్లు మోయువారును మానిరి. రాజ్యలక్ష్మమ్మగారు స్వయముగా గోదావరికి పోయి నీళ్లు తెచ్చి, వచ్చినవారందరికి వండి వడ్డించిరి. సంస్కరణచరిత్రలో ఉపన్యాసములకు ఎంత స్థానము గలదో ఆ నీళ్లబిందెకు అంత స్థానము గలదు. పాత వంటసాలనుండి మనము నిజముగా నిలుపుకొనదగిన సంప్రదాయ మిది.

స్నానగృహమున కీ యింటిలో ప్రత్యేకముగా ఒక గది యుండుట అరుదు. సింధులోయలోని మొహెంజొదారోవాసులు సుమారు నాలుగువేల అయిదువందల యేండ్ల క్రిందటనే ఇటుకలు పఱచిన స్నానపుగదులను, వానినుండి వీధికాలువకు తూములను కట్టుకొనిరి. మన లోగిళ్లలో పురుషులు నూతిగట్టుననే స్నానము చేయుచుండిరి. స్త్రీలకు పెరటిలో ఒక తడికమాటు; పెక్కుచోట్ల తెల్లవాఱకముందటి చీకటియే మాటు. కాగులోని వేడినీళ్లకు కట్టెలు త్రోయు పనియు వారిదే. తరువాతికాలమున నడుమ గొట్టముగల రాగిబాయిలరు వచ్చి ఆ శ్రమను కొంత తగ్గించినది. అట్టి బాయిలరును తోమించి స్నానగృహమున నొకమూల నిలుపుట ముచ్చటయే. దానితోపాటు లోపల గడియపడు తలుపును, ఎత్తున వెలుతురు వచ్చు కిటికీని అమర్చుట అంతకంటె ముఖ్యము.

మూడవది, చెప్పుటకు సిగ్గుపడవలసినది, మరుగుదొడ్డి. పల్లెలలో అధికసంఖ్యాకులకు అది లేనేలేదు. స్త్రీలు సూర్యోదయమునకు ముందో, ప్రొద్దుక్రుంకిన పిదపనో పొలమువైపు పోవలసినదే. పట్టణములలోని యిండ్లకు వెనుకసందున పాకీదొడ్డి యుండెను. గోడ యడుగున ఒక చిన్నరేకుతలుపు. దానినుండి తోటిమానవు డొకడు, తరచుగా ఒక స్త్రీ, ఇంటివారి మలమును చేతులతో తీసి తలమీద మోసికొనిపోవుచుండెను. ఆమె ముందుగుమ్మమును ఎన్నడును చూచి యెఱుగదు. నీటితో శుభ్రమగు మరుగుదొడ్డిని ఇంగ్లండున సర్ జాన్ హారింగ్టను 16వ శతాబ్దాంతముననే చేసెను. దుర్వాసన రాకుండ నీటిని నిలుపు వంపుగొట్టమునకు అలెగ్జాండరు కమింగు 1775లో పేటెంటు పొందెను. మన పట్టణములలో అది యేల ఆలస్యమయ్యెను? నీటిగొట్టములు లేకుండుట యొక కారణమే. కాని తక్కువకూలికి, కులమను సంకెలచేత కట్టుబడిన మనుష్యులు దొరకుచున్నంతకాలము యంత్రముతో పని యేమి?

1901లో కలకత్తా కాంగ్రెసుసభకు పోయిన గాంధీగారు అక్కడి మరుగుదొడ్ల స్థితిని చూచి తామే చీపురు పట్టిరి. 1950లో అమలులోనికి వచ్చిన రాజ్యాంగము 17వ అధికరణముచే అస్పృశ్యతను రద్దుచేసినది. అయినను పాకీదొడ్లను నిషేధించు చట్టము 1993 వరకు రాలేదు. అదియు 1997లోగాని అమలు కాలేదు. కోలారు బంగారుగనులలోని తెలుగు కుటుంబమున జన్మించిన బెజవాడ విల్సనుగారు సఫాయి కర్మచారి ఆందోళనను నిర్మించి, ఆ వృత్తిని కూకటివ్రేళ్లతో పెఱికివేయుటకు పూనుకొనిరి. వారికి 2016లో మెగసెసే పురస్కారము లభించినది. 2013లో వచ్చిన రెండవ చట్టము, సెప్టిక్ ట్యాంకులలోనికి రక్షణ లేక మనిషిని దింపుటను సైతము నేరముగా నెంచినది. అట్టి గుంటలలో చనిపోయినవారి కుటుంబములకు పదిలక్షల రూపాయల పరిహార మీయవలెనని 2014లో సుప్రీముకోర్టు ఆజ్ఞాపించినది.

ఈ చరిత్ర తెలిసిన గృహస్థుడు పాతయింటిని బాగుచేయునప్పుడు ఏమి చేయవలెను? గోడకు సున్నము, నేలకు నాపరాయి నుంచవలెను. రోలును, సన్నికల్లును పాతచోటనే నిలుపవచ్చును. నిలుచుండి పనిచేయుటకు నడుమెత్తు వంటగట్టును, దానిపై పొగ పోవు మార్గమును చేర్చవలెను. వంట పురుషునకును రాగలదు గనుక ఇద్దరు నిలుచునంత చోటుండుట మేలు. స్నానగృహమునకు నేలవాలు సరిగా నుంచి, వాడిననీరు అరటిచెట్ల మొదటికి పోవునట్లు చేయవలెను. మురుగుకాలువ లేని యూరిలో రెండుగుంటల మరుగుదొడ్డి మంచిది. ఒకటి నిండి మూసియుండగా రెండవది పనిచేయును, మూసినదానిలోనిది కాలక్రమమున ఎరువగును, ఎవరిచేయియు మలమును తాకనక్కరలేదు. గుంటలు మాత్రము నూతికి దూరముగా నుండవలెను. సెప్టిక్ ట్యాంకే యున్నచో దానిని యంత్రముచేతనే శుభ్రపఱపింతునని యింటివారు నియమము చేసికొనవలెను.

వెనుకసందులోని ఆ చిన్నరేకుతలుపు ఇంకను మిగిలియున్న యిండ్లు కొన్ని గలవు. మేస్త్రీ దానిని ఇటుకలతో మూసి పూతపూయుదునని చెప్పును. మూయవలసినదే. కాని మూయుటకు ముందు ఇంటిలోని పిల్లలను ఒకసారి అక్కడికి తీసికొనిపోయి, ఈ తలుపు దేనికొఱకు పెట్టబడెనో, దానివెలుపల ఎవరు నిలిచిరో చెప్పుడు. ముందుగుమ్మముమీది చెక్కడపుపనిని వారికి చూపుట యెంత కర్తవ్యమో యిదియు నంతే కర్తవ్యము.